షెడ్డు గోడ మీది గీత

నిడదవోలు,
శుక్రవారం.

మా రూబీకి నాన్న ఆశీర్వదించి రాస్తున్నది. ప్రభువు దయవల్ల అమ్మా నేనూ బాగున్నాం. కోయంబత్తూరు హాస్టల్లో నువ్వూ కులాసాగా ఉన్నావని తలుస్తాను.

అమ్మ మాత్రలు వేసుకుంటోందా అని అడిగావు. వేసుకుంటోంది, ఆదివారం తప్ప. చర్చికి వెళ్లే హడావిడిలో మరిచిపోయానంటుంది. ఉత్తరంతో నువ్వు పంపిన బొమ్మని మాత్రం మరిచిపోదు. "మా అమ్మాయి గీసిందండి, కారుకి టర్బో ఎక్కడ పెట్టాలో" అని వచ్చినవాళ్లందరికీ చూపిస్తోంది. టర్బో అంటే ఏంటండి అని వాళ్లడిగితే, "ఇంజనుకి గాలి ఊదే సామానంటండి" అని నా వైపు చూస్తుంది.

ఎంత ఒద్దికగా ఇరికించావే దాన్ని. ఇంజను పక్కన, పైకి, వేడి తగలకుండా రేకు అడ్డం పెట్టి. ముప్పయ్యేళ్లుగా బళ్లు బాగుచేస్తున్నాను, నాకా చోటు కనబడనే లేదు.

ఇక అసలు సంగతి. ఫోన్లో నోరు రాలేదు, అందుకే రాస్తున్నాను. వెంకన్నగారి పాత కారుకి నీ బొమ్మ ప్రకారమే బిగించానని చెప్పాను కదా. అది అబద్ధం. వెనకాల, కింద, సైలెన్సర్ దగ్గర బిగించాను. అక్కడ చోటు బోలెడంత. నిన్నగాక మొన్న ఇంజనీరింగ్ కాలేజీలో చేరిన పిల్ల నాకు చెప్పేదేంటి అనుకున్నాను.

అంతలో ఎర్రకాలువ పొంగింది. ట్రయల్‌కని వెంకన్నగారితో బయల్దేరి రోడ్డు మీద పిక్కల్లోతు నీళ్లలో దిగాం. వేడెక్కిన టర్బో మీద చన్నీళ్లు పడి దాని ఇనప గుల్ల చిట్లింది. పక్కనున్న గాలి ఫిల్టరు నీళ్లు పీల్చి ఇంజను ఆగిపోయింది. వెంకన్నగారు లుంగీ ఎగ్గట్టి దిగి, "తోసుకెళ్లడానికైతే టర్బో ఎందుకండి చిట్టియ్యగారూ" అన్నారు. నాకు తల ఎత్తబుద్ధి కాలేదు.

ఇంటికొచ్చి నీ బొమ్మ మళ్లీ తీశాను. కారుకి అడ్డంగా ఒక చుక్కల గీత ఉంది. ఇన్నాళ్లూ అది అందానికనుకున్నాను. పక్కన చిన్న అక్షరాలతో 'మన షెడ్డు గోడ గీత' అని రాశావు. వరదొచ్చినప్పుడల్లా నీళ్లెంతదాకా వచ్చాయో గోడ మీద పెయింటుతో గీత పెట్టేది నేను. అందులో ఎక్కువసార్లు పడిన గీతని కారు మీదికి తెచ్చి, దానికి పైన టర్బో పెట్టింది నువ్వు. సిగ్గేసిందమ్మా. అంతకంటే ఎక్కువ గర్వమేసింది.

ఇంజను విప్పి ఆరబెట్టి, ఇంకో టర్బోని నీ బొమ్మ ప్రకారం పైన బిగించాను. అవే నీళ్లలో రెండుసార్లు తిప్పాను. ఒక్కసారీ ఆగలేదు. ఈ చోటు ఎవరు చెప్పారండి అని వెంకన్నగారు అడిగితే నీ పేరు చెప్పాను.

వచ్చే నెల కాలేజీలో ఇచ్చే రిపోర్టులో 'మా నాన్న బిగించి చూశారు' అని రాస్తానన్నావు. నా అబద్ధం కింద నీ సంతకం పడకూడదు. రెండూ రాయి. పైన పెడితే నడిచిందని, కింద పెడితే పగిలిందని. కింద పెట్టిందెవరని మాస్టార్లు అడిగితే నా పేరు దాచకు. చిట్లిన గుల్లని శుభ్రంగా కడిగి పార్సెల్ చేస్తున్నాను. బల్లమీద పెట్టి చూపించు.

ఇట్లు,
నీ దగ్గర పని నేర్చుకుంటున్న
నాన్న,
చిట్టియ్య.