చప్పుడు లేని పెట్టె

పరవాడ,
జూలై 6

ప్రియమైన బావమరిది దేవీప్రసాద్‌కి,

'ప్రియమైన' అన్నది మీ అక్క పావని పక్కన కూర్చుని రాయించింది. నా మాట కాదు.

నీ పెట్టెను మా కంపెనీ బస్సు డ్రైవర్ పరదేశి చేత తిప్పి పంపుతున్నాను. టీవీ కింద పెట్టుకునే సినిమా కంప్యూటర్, ఒక్కో పార్టూ ఏరి తెచ్చి నా చేత్తో బిగించాను, అసలు చప్పుడే ఉండదు అని మీ అక్క దగ్గర గొప్పలు పోయావు. ఏం ఉండదు? కూర్చున్న దగ్గర్నుంచి కీఁ అని ఒకటే మోత. హీరో ఏదో అంటాడు, మా అమ్మాయి హాసినీ వాళ్ళమ్మా పడీ పడీ నవ్వుతారు. నాకు బొమ్మ తప్ప మాట తెలియదు. నా ఇంట్లో నేను వెర్రివాడిలా కూర్చోవాలా? ఇరవై రెండేళ్లుగా ప్లాంటులో టర్బైన్ పక్కన పని చేస్తున్నాను. మోతంటే ఏమిటో నువ్వు నాకు నేర్పక్కర్లేదు.

ఫోన్ చెయ్యకు. ఫోన్‌లో నువ్వు మాటలన్నీ నమిలేస్తావు, ఒక్క ముక్క అర్థం కాదు. చెప్పేదేదో కాగితం మీద పెట్టి పరదేశికి ఇయ్యి.

ఇంకో మాట. వచ్చే నెల పదిహేనున నీ కొత్త షాపుకి మీ అక్క చేత రిబ్బన్ కత్తిరిస్తావట. ఈ పెట్టె నోరు మూయించేదాకా మా ఇంటి నుంచి ఎవరూ రారు.

ఇట్లు,
కన్నబాబు

*

అనకాపల్లి,
జూలై 9

మహారాజశ్రీ బావగారికి,

మీ పెట్టె చేరింది, మీ తిట్లూ చేరాయి.

షాపు తలుపులు మూసి, సీలింగ్ ఫ్యాన్ ఆపి, చెమటలు కారుతుంటే నేనూ, నా దగ్గర పని చేసే అయ్యప్పా చెవులు ఆనించి విన్నాం. అయ్యప్ప మీకన్నా వయసులో పెద్దవాడు, అబద్ధాలాడే మనిషి కాదు. "ఏటి సారూ, ఇంకా ఆన్ సెయ్యనేదా?" అన్నాడు. అప్పటికి పది నిమిషాలుగా సినిమా నడుస్తోంది.

అయినా సరే, లోపల తిరిగే డిస్కు తీసేసి తిరగని రకం వేశాను. చిన్న ఫ్యాను బదులు నెమ్మదిగా తిరిగే పెద్దది పెట్టాను. ప్రతి స్క్రూ కింద రబ్బరు వేశాను.

మీ కోపం పెట్టె మీద కాదని నాకు తెలుసు. రెండేళ్ల కిందట నా నిశ్చితార్థంలో తాంబూలాలు అందుకోవడానికి 'బావా, బావా' అని మూడుసార్లు పిలిచాను. మీరు జనరేటర్ పక్కన అటు తిరిగి నిలబడ్డారే గాని తల తిప్పలేదు. ఆడపెళ్ళివారి ముందు నా తల తీసేశారు. ఆ పొగరే ఇప్పుడూ చూపిస్తున్నారు.

అమ్మ పోయాక నన్ను పెంచింది అక్క. ఆమె చెయ్యి పడకుండా నా షాపు షట్టర్ లేవదు. అది తెలిసే మీరు అక్కడ పట్టుకున్నారు.

మీ సేవకుడు,
దేవీప్రసాద్

*

పరవాడ,
జూలై 14

దేవీప్రసాద్‌కి,

మహారాజశ్రీ, మీరు, సేవకుడు! ఏం, వెటకారమా? చిన్నప్పటి నుంచీ 'బావా, నువ్వు' అని తిరిగినవాడివి.

ఆ రోజు నన్ను ఎవరూ పిలవలేదు. ఒట్టు. పిలవకుండానే పిలిచానని ఊరంతా చాటావు. ఆ అవమానం నేను చచ్చేదాకా మరిచిపోను.

నీ రబ్బర్లూ గిబ్బర్లూ ఏమీ పని చెయ్యలేదు. అదే కీఁ. హాసిని "నాన్నా, చప్పుడేటీ నేదు" అంటుంది. మేనమామ పోలిక మరి. మీ అక్కేమో "మీరు సౌండు పెంచీసి పెంచీసి, పక్కింటోల్లు తిడతన్నారు" అంటుంది. అందరూ ఒకటే, మీరంతా ఒకటే.

పెట్టె పంపుతున్నాను.

కన్నబాబు

*

అనకాపల్లి,
జూలై 20

బావగారికి,

ఈసారి ఫ్యాన్లన్నీ పీకేశాను. వేడి లాగడానికి ప్రాసెసర్ మీద పెద్ద అల్యూమినియం దిమ్మ బిగించాను. కరెంటు భాగం లాప్‌టాప్‌కి ఉన్నట్టు బయట వైరుకే ఉంటుంది. లోపల కదిలే వస్తువు ఒక్కటీ లేదు. ఇందులోంచి చప్పుడు వచ్చిందంటే ఈ పని మానేసి మార్కెట్లో బెల్లం దిమ్మలు మోసుకుంటాను.

దేవీప్రసాద్

*

పరవాడ,
జూలై 23

మోసుకో.

చప్పుడు అలాగే ఉంది. పెట్టె తిరిగొస్తోంది. ప్రారంభోత్సవం కార్డు మీద మీ అక్క పేరు కొట్టెయ్.

కన్నబాబు

*

అనకాపల్లి,
జూలై 28

పూజ్యులైన బావగారికి నమస్కరించి,

మీరు చెప్పిందే నిజం కావచ్చు. ఆఖరిసారిగా ఇంకో పెట్టె పంపుతున్నాను. మూతకి సీలు వేశాను, దయచేసి విప్పకండి. టీవీకి కలపకండి. ముందు కరెంటు పెట్టండి. ముందువైపు నీలం లైటు వెలుగుతుంది. అప్పుడు చెవి దగ్గరగా పెట్టి విని, విన్నది విన్నట్టు రాసి, కింద సంతకం పెట్టి పంపండి. చప్పుడు వచ్చిందని రాస్తే కార్డు మీద అక్క పేరు నేనే కొట్టేస్తాను.

తమ విధేయుడు,
దేవీప్రసాద్

*

పరవాడ,
ఆగస్టు 1

దేవీప్రసాద్‌కి,

విన్నాను. హాల్లో తలుపులన్నీ వేసి, మీ అక్క చేత మిక్సీ కూడా ఆపించి మరీ విన్నాను. కీఁ అంటోంది. సన్నటి ఈలలా, ఒకటే ధార. ముందు పెట్టె కన్నా ఇంకా ఎక్కువ. స్విచ్ ఆపినా ఆగలేదు. ప్లగ్గు పీకేసినా ఆగలేదు! లోపల బ్యాటరీ దాచావు కదూ? నన్ను పిచ్చివాణ్ణి చెయ్యడానికి ఇంత కుట్రా? పెట్టె తిప్పి పంపను, రుజువుకి నా దగ్గరే ఉంటుంది. ఇదిగో సంతకం.

కె. కన్నబాబు

*

అనకాపల్లి,
ఆగస్టు 5

బావా,

ఇది మూడో కాగితం. మొదటి రెండూ చించేశాను.

సీలు విప్పి చూడు. ఆ పెట్టెలో కంప్యూటర్ లేదు. గుడ్డలో చుట్టిన ఇటుకా, ఒక చిన్న నీలం బల్బూ ఉన్నాయి, అంతే. నిన్ను అబద్ధాలకోరువని పట్టించాలని చేశాను. నీ ఉత్తరం రాగానే అయ్యప్పకి చదివి వినిపించి, బల్ల మీద కొట్టి మరీ నవ్వాను. ప్రారంభోత్సవం రోజు మైకులో చదువుదామనుకున్నాను.

అయ్యప్ప నవ్వలేదు. "ప్లగ్గు పీకినా ఆగనేదని రాసేరు సారూ. అబద్ధం ఆడీవోడు అలా రాత్తాడేటి? ఆయనకి నిజంగానే ఇనబడతంది" అన్నాడు.

మళ్ళీ చదివాను. తర్వాత నీ ఉత్తరాలన్నీ మొదటి నుంచి చదివాను. ఫోన్‌లో నేను మాటలు నమలడం లేదు బావా. హీరో గొంతులో లోపం లేదు. టర్బైన్ దగ్గర చెవులకి పెట్టుకోమని ఇచ్చిన మూతలు మేకుకి తగిలించి వదిలేస్తావని అక్క ఎన్నిసార్లు గోల పెట్టిందో.

ఆ రోజు నేను పిలిచాను. నీకు వినపడలేదు. జనరేటర్ పక్కన ఉన్న మనిషిని వెనక నుంచి మూడుసార్లు పిలిచానే గాని, దగ్గరికి పది అడుగులు వెయ్యలేదు. పొగరు నాది. తలుచుకుంటే సిగ్గుగా ఉంది.

శుక్రవారం వస్తాను. చెవి డాక్టరు దగ్గరికి వెళ్దాం. అసలు కంప్యూటర్ కూడా తెస్తాను. తిట్టాలంటే దారిలో తిట్టు.

నీ బావమరిది,
దేవి

*

పరవాడ,
ఆగస్టు 12

ఒరేయ్ దేవీ,

దారిలో తిట్టమన్నావు గాని శుక్రవారం నాకు తిట్లు గుర్తుకే రాలేదు. ఆ కీఁ నా చెవిలోదేనని, ఇక పోదని డాక్టరు చెప్తుంటే నీ చొక్కా అంచు పట్టుకున్నాను. నువ్వు చూశావో లేదో. అందుకే ఇప్పుడు తిడుతున్నాను. ఇటుక పంపుతావా, సిగ్గు లేదూ? దాన్ని హాలు తలుపుకి అడ్డం పెట్టాను. వచ్చినవాళ్ళందరికీ, మా బావమరిది బిగించిన కంప్యూటర్ ఇదేనని చూపిస్తున్నాను.

డాక్టరు ట్రయల్‌కి ఇచ్చిన వినికిడి మెషిన్ చెవికి పెట్టుకుని నిన్న సినిమా చూశాను. ఇన్నాళ్ళూ వీళ్ళిద్దరూ పడీ పడీ నవ్వింది ఈ పాటి మాటలకా అనిపించింది. నాకైతే ఏడుపొచ్చింది. నా వెనక అందరూ గొణుక్కుంటున్నారనుకుని ఎన్నేళ్ళు వీళ్ళ మీద అరిచానో. మీ అక్క సౌండు తగ్గించి పక్కన కూర్చుంది, అంతే.

నీ పెట్టె మంచిదే. అందులోంచి ఏ చప్పుడూ రాదు.

పదిహేనున ముగ్గురం వస్తున్నాం. కార్డు మీద మీ అక్క పేరు మళ్ళీ వెయ్యి. రిబ్బన్ దగ్గర నన్నూ పిలవాలని ఉంటే వెనక నుంచి పిలవకు. ఎదురుగా వచ్చి పిలువు.

మీ బావ,
కన్నబాబు