ఓకే అయిన కేక

జూన్ 4
థైరాయిడ్ క్యాన్సర్ తుంటి ఎముకలోకి వచ్చిందట. ఆపరేషన్ చేసి గ్రంథి తీసేశారుగా, పీడ విరగడైందనుకున్నాను. మహాతల్లి, ఇల్లు మారింది! కారు మా ఆయన నడుపుతున్నారు. జూబ్లీ హిల్స్ సిగ్నల్ దగ్గర నేనే అన్నాను — "ముందు ఇడ్లీ తిందామండీ." తిన్నాం. ఎందుకో నవ్వొచ్చింది ఇద్దరికీ.

జూన్ 6
అయోడిన్ మందు ఇస్తారట. ఎముకలో ఉన్నది దాన్ని పీల్చుకుంటే గట్టెక్కినట్టే. పీల్చుకోకపోతే... రాయను. ముందు థైరాయిడ్ మాత్ర ఆపాలి, గొంతు బొంగురుపోవచ్చు అన్నారు డాక్టరమ్మ. అయ్యో, నాకు కూడు పెట్టేది గొంతే కదా! సినిమాలో జమీందారమ్మ పాత్రకి డబ్బింగ్ ఇంకా సగంలో ఉంది.

జూన్ 27
అయోడిన్ ఉంటుందని మామూలు ఉప్పు బంద్. పాలూ పెరుగూ కూడా. నాతోపాటు ఆయనా మానేశారు. "మీకెందుకండీ?" — "తోడు." పిచ్చి మనిషి.

జూన్ 29
గొంతు నిజంగానే బొంగురుపోయింది. దర్శకుడికి తెగ నచ్చేసింది! "జమీందారమ్మకి ఇదే కావాలమ్మా, ఇన్నాళ్లూ ఎక్కడ దాచారు?" నవ్వేసి తర్వాతి డైలాగ్ అందుకున్నాను.

జూలై 2
ఫిల్మ్ నగర్ డబ్బింగ్ థియేటర్లో జమీందారమ్మ చావు సీను. మైకు ముందు నిలబడ్డాను — కూర్చుంటే నాకు డైలాగ్ రాదు. తెర మీద ఆవిడ నోరు తెరిచింది, సరిగ్గా అప్పుడే నా తుంటిలో పోటు. "అమ్మోవ్!" పెదాలకి అతికినట్టు సరిపోయింది. అద్దం అవతల నుంచి సౌండ్ ఇంజనీర్ యాదగిరి — "ఓకే! కిరాక్ ఉందమ్మా!" నేనేమో స్టాండు పట్టుకుని వంగిపోయి ఉన్నాను. చూసి పరుగెత్తుకొచ్చాడు. "గిట్ల నొస్తుందని చెప్పొద్దా అమ్మా? తీసేస్త ఆ కేకని." కళ్లనిండా నీళ్లు. "తీశావంటే చంపుతా. మళ్లీ అంత బాగా రాదురా." ముక్కు చీదుతూ నవ్వాడు. మిగతా డైలాగులూ చెప్పేసే వచ్చాను. హమ్మయ్య.

జూలై 9
అయోడిన్ మింగాను. ఒంట్లోంచి రేడియేషన్ వస్తుందట; ఒంటరి గది, ఎవరూ దగ్గరికి రాకూడదు. ఆయన ఫోను — "కిటికీలోంచి కిందకి చూడు." చూస్తే చెట్టు కింద నిలబడి గారెలు తింటున్నారు, ఒక్కోటీ నాకు చూపించి మరీ! రాక్షసుడు. ఎంత ముద్దొచ్చారో.

జూలై 16
స్కాన్ అయింది. ఎముకలో ఉన్నది మందు పీల్చిందో లేదో ఇంకాసేపట్లో చెబుతారు. భయంగానే ఉంది. బయట బెంచీ మీద ఉండగా దర్శకుడి ఫోన్. రెండో భాగం తీస్తారట. చచ్చినావిడకి అందులో పనేంటంటే — ఫ్లాష్‌బ్యాక్ అట! "వచ్చే వేసవికి డేట్స్ ఇస్తారా అమ్మా?" ఆయన నా మొహంలోకే చూస్తున్నారు.
ఇచ్చేశాను.
డాక్టరమ్మ పిలుస్తున్నారు...