శనివారం సీసా

అల్లూరు
ఆగస్టు 16

క్రీస్తురాజు బావగారికి,

మీ చెల్లెలు పోయి రెండు నెలలు. వండుకు తింటున్నాను. మరొకరితో అనలేనిది మీకు రాస్తున్నాను.

మెర్లిన్ తన బడిపిల్లల జట్టును పర్యావరణ పోటీకి తయారుచేసేది కదా. శనివారం పొద్దున్నే ఇరవై ఇళ్ళవాళ్ళు బోరు నీళ్ళు సీసాలో పట్టి మెట్టు మీద పెడతారు. పిల్లలు తీసుకెళ్ళి ఉప్పు ఎంతుందో కొలుస్తారు. సీసాలకు అంటించే తేదీ చీటీలు ఆమె డిసెంబరు దాకా ముందే రాసిపెట్టింది. మా ఇంటివి బీరువాలో ఉన్నాయి. తాళం నా దగ్గరే.

ఆమె పోయాక నేను సీసా పెట్టలేదు. అయినా ప్రతి శనివారం మెట్టు మీద నిండు సీసా ఉంటోంది. ఆనాటి తేదీ, ఆమె అక్షరాలు. బీరువా తెరిస్తే ఒక చీటీ తక్కువ. ఇవాళ ఆ నీళ్ళు నోట్లో పోసుకున్నాను. ఉప్పు.

ఇక నా తప్పు. నిరుటి నుంచీ మా సీసాలో నేను పోస్తూ వచ్చింది కొన్న క్యాను నీళ్ళు. మా రొయ్యల గుంట వల్లే ఊరి నీళ్ళు చెడుతున్నాయని తేలుతుందని భయం. గుంట పక్కింట్లో తియ్యటి నీళ్ళేమిటని జిల్లా పోటీలో పిల్లల పని మొత్తం కొట్టేశారు. "కొలవడంలో నేనే పొరబడినాను" అని మెర్లిన్ ఏడ్చింది. నేను పక్కనే కూర్చుని ఊరుకున్నాను. నిజం తెలియకుండానే వెళ్ళిపోయింది.

మీ
జడ్సన్

అల్లూరు
ఆగస్టు 30

బావగారూ,

సీసాలు మీరే పెడుతున్నారా అని జట్టు నాయకురాలు అనూషను నిన్న అడిగాను. "మేం ఎత్తుకపోయేదే సార్, పెట్టేది మీరు కదా! మీ నీళ్ళుంటే కూరలో ఉప్పెయ్యే పన్లేదని నవ్వుకుంటాం" అంది.

క్యాను సంగతి చెప్పేశాను. ఆ పిల్ల ఆశ్చర్యపోలేదు. సంచిలోంచి మెర్లిన్ నోటుపుస్తకం తీసింది. జిల్లా పోటీ తర్వాత ప్రతి శనివారానికీ మా ఇంటికి రెండు గళ్ళున్నాయి: ఆయన పెట్టిన సీసా, నేను పట్టిన సీసా.

"మేడంకి తెలుసు సార్. ఎవురికీ చెప్పమాకండి, ఆయనే చెప్తాడు, ఆగండి అనింది. ఈసారి పోటీకి ఏ గడి రాయాల్నో తెలీక కూర్చోనుండాం."

ఏడు నెలలు నాకు అన్నం వడ్డిస్తూ ఎదురుచూసింది, బావగారూ.

రెండో గడి రాయమన్నాను. పోటీకి నేనూ వెళ్ళి, ఆ గుంట నాదేనని చెబుతాను. ఈ పంట రొయ్యలు పట్టగానే పూడ్పిస్తాను.

ఇవాళ తెల్లవారగానే బోరు నీళ్ళు నేనే పట్టాను. చీటీలు ఒక్కటీ తగ్గలేదు. ఇవాళ్టిది అంటించాను. తలుపు తీస్తే మెట్టు ఖాళీగా ఉంది. అప్పుడే ఎవరో ఎత్తినట్టు సీసా అడుగంత తడి గుండ్రం.

నా సీసా దాని మీద పెట్టాను. సరిగ్గా సరిపోయింది.

మీ
జడ్సన్