తిరిగిచ్చిన గుట్కా

బాపు,

నేను డ్యూటీకి పోతున్న. చపాతీలు డబ్బల ఉన్నయి, పప్పు వేడి చేసుకో. నాలుగింటికి దవాఖాన్ల గుట్కా మాన్పే వైద్యం, పదహారో సిట్టింగు. మెడల తాయెత్తు ఇంట్లనే తీసిపెట్టు, తలకు మాగ్నెట్ పెట్టేటప్పుడు లోహం ఉండొద్దన్నడు డాక్టర్. షాక్ ఇస్తున్నరని నాయినమ్మ మళ్ల ఏడిస్తె, ఉత్త టక్‌టక్ చప్పుడే అని చెప్పు.

గుట్కా మానుమని పదేండ్లు మొత్తుకుంటె నా మాట వినలే, ఆ టక్‌టక్ మిషన్ మాట మూడు వారాలల్ల విన్నవు. కానీ తియ్యి, గెలిచినం.

నిన్న ఫాక్‌లాండ్ రోడ్ల పాన్‌వాలా నువ్వు అడగకముందే ప్యాకెట్ చేతిల పెట్టిండు. నువ్వు నవ్వి, తిరిగిచ్చి, ముందటికి నడిచినవు. అక్కడ మిషన్ లేకుండె బాపు, నువ్వొక్కనివే ఉంటివి.

మనాలి

నీ ఎన్కనే వచ్చి చూసిన, తిట్టకు. ఇయ్యాల్టి సంది ఎన్క రాను.