గాలి పేగు

మార్చి 2
బావమరిది ఫోన్ చేశాడు. పెద్దపేగు క్యాన్సర్ మీద వాడి సంఘం చేస్తున్న పనికి డబ్బిచ్చే ఫౌండేషన్ వాళ్ళు ఆదివారం చూడ్డానికి వస్తున్నారట. నువ్వూ రెండు ముక్కలు మాట్లాడు బావా, అక్క సంగతి నీ నోట వింటే కరిగిపోతారు అన్నాడు.

అక్క సంగతి! రక్తం పడుతోందని నా భార్య వెళితే, మొలలే అక్కా, కారం తగ్గించు అని ఏడాదిపాటు ట్యూబులు రాసిచ్చిన మొలల డాక్టరు వీడే. ఫోన్ గోడకేసి కొట్టాను.

మార్చి 4
నలభై ఏళ్ళు పుస్తకాలు బైండు చేశాను. చదవకుండా ఒక్కటీ కుట్టలేదు. పగ గురించి ప్రపంచంలో రాసినదంతా చదివాను. అందులో సగం చేతకానివాళ్ళు రాసింది.

అట్టలు కోసే కత్తి సానపట్టాను.

మార్చి 5
కూతురు వచ్చింది. మనిషి పాలిపోయింది. ఎండనపడి ఇంటింటికీ మలపరీక్ష డబ్బాలు పంచుతోంది, వాడి సంఘం తరఫున. మీ అమ్మని చంపినవాడికి చాకిరీ చేస్తున్నావు, సిగ్గులేదా అన్నాను. మామయ్య ఆ క్లినిక్ బోర్డు పీకేసి నాలుగేళ్ళయింది, నువ్వే ఇంకా మోస్తున్నావు నాన్నా అంది.

కంచం విసిరాను. దానికి తగల్లేదు.

మార్చి 8, సాయంత్రం
స్కూలు గ్రౌండ్‌లో గులాబీ రంగు పేగు. బస్సంత పొడుగు. ప్లాస్టిక్ గుడ్డతో కుట్టి, లోపల మనుషులు నడిచేలా ఫ్యానుతో గాలి నింపారు. గోడలకి బెలూన్లలాంటి కణుతులు. లోపల వాడు మైకు పట్టుకుని, ఇటు రండి మేడం, ఇది మొదటి దశ అంటూ అద్దె ఇల్లు చూపించే బ్రోకరులా ఫౌండేషన్ మేడంకి చూపిస్తున్నాడు.

గొంతు వినిపించిన చోట కత్తి దింపాను. బలంకొద్దీ కిందికి లాగాను. ఐదేళ్ళుగా ఇంత హాయి ఎరగను.

పేగు నిట్టూర్చి కూలింది. లోపలి నుంచి కేక.

వాడిది కాదు.

మార్చి 9
మోచేతి నుంచి మణికట్టు దాకా కుట్లు. నా కూతురి చెయ్యి.

డాక్టరమ్మ రక్తపరీక్ష చూసి, ఈ గాయానికి ఇంత రక్తం పోదు, ఇది ఎన్నాళ్ళుగానో పోతోంది, ఎక్కణ్ణుంచమ్మా అని అడిగింది. కూతురు గోడవైపు తిరిగింది. మలంలోంచి అని చెప్పింది. ఆరు నెలలుగానట. ఊరందరికీ డబ్బాలు పంచి తనకొకటి ఉంచుకోలేదు. ఎందుకు చెప్పలేదే అని అరిచాను. నాకూ అమ్మలాగే అని తెలిస్తే నువ్వు మామయ్యని చంపేస్తావని, అంది.

కారిడార్‌లో గోడకి తల బాదుకున్నాను. వార్డుబాయ్ ఆపబోయాడు. వాణ్ణీ కొట్టాను.

మార్చి 17
గడ్డ ఉంది. పేగు దాటి పాకలేదు, కోసేస్తే బతుకుతుంది అన్నారు.

మీరు కోయబట్టే బయటపడింది తాతగారూ, అంతా మన మంచికే అంది పక్క మంచం ఆవిడ. ఆవిడ ఫ్లాస్కు కిటికీలోంచి బయటికి విసిరేశాను.

మార్చి 20
కత్తి దూసినవాడి మీద పోలీసు కంప్లయింట్ ఇస్తేనే డబ్బు అన్నారట ఫౌండేషన్ వాళ్ళు. మా బావ మీద కేసు పెట్టను, మీ డబ్బు మీరే ఉంచుకోండి అన్నాడట వాడు. ఇన్నేళ్ళలో వాడు నన్ను కొట్టిన ఒకే ఒక్క దెబ్బ. సరిగ్గా తగిలింది.

ఆపరేషన్ థియేటర్ ముందు ఒకటే బెంచీ. టీ తెచ్చిచ్చాడు. తాగాను. క్షమించలేదు.

మార్చి 29
కూతురు ఇంటికొచ్చింది. సంఘం మూతపడింది. పనివాళ్ళు వెళ్ళిపోయారు. మిగిలిన డబ్బాలు జూన్ దాటితే పనికిరావట. చెడగొట్టింది నువ్వు, పంచేదీ నువ్వే అంది కూతురు, మంచం మీంచి లేవకుండానే.

ఏప్రిల్ 2
ఛీ ఛీ, అది ఇంట్లోకి తేకండి అని దర్జీ తలుపు మూశాడు. తన్నాను. గొళ్ళెం ఊడింది. డబ్బా తీసుకున్నాడు.

పక్కింటివాళ్ళు అప్పటికే తలుపు తీసి నిలబడ్డారు.