ఓతీలియా పెద్దమ్మ అక్షరం

మెడెయీన్, ఆదివారం

బంగారు అక్కా, యోలీమా,

అమ్మ మళ్ళీ మొక్కజొన్న జావ తాగుతోందని రాశావు, ప్రాణం కుదుటపడింది. నిన్న నేను చూసింది నీకు చెప్పకుండా ఉండలేను.

ఓతీలియా పెద్దమ్మను పరిశోధనశాలకు తీసుకెళ్ళాను. మన యారుమాల్ ఇళ్ళలో నలభై దాటితే మనుషుల మతిని మింగేసే ఆ జన్యువు ఆవిడలోనూ ఉంది. అయినా డెబ్బై ఆరేళ్ళకి ఊరందరి పెళ్ళిరోజులూ చెబుతుంది. పుట్టుకతోనే ఇంకో జన్యువులో ఒక్క అక్షరం మారి, అదే ఆవిడకు కాపలా కాస్తోందట. అక్కడి డాక్టర్ అనీబల్ నా చర్మం నుంచి మెదడు కణాలు పెంచి, సగం కణాల్లో పెద్దమ్మ అక్షరాన్ని రాశాడు. దిద్దని కణాల పళ్ళెం నిండా జబ్బు అల్లిన ఎర్రటి చిక్కులు. దిద్దినదాంట్లో కణాలు హాయిగా కొమ్మలు చాచుకుని ఉన్నాయి.

పెద్దమ్మ వంగి చూసి, "ఇది నువ్వేనటే? బయటికన్నా ఇక్కడే అందంగా ఉన్నావు!" అంది.

"ఇది ఇంకా మందు కాదమ్మా. మనిషి దాకా రావడానికి చాలా ఏళ్ళు పడుతుంది, రాకపోనూవచ్చు" అన్నాడాయన.

"కానీయ్ నాయనా, నిదానంగానే నేర్చుకో. దేవుడికీ ఒక్కసారే కుదిరింది."

ఇంకో మాట. పోయిన నెల నా పరీక్ష ఫలితం అడిగి తెలుసుకున్నాను. అమ్మకున్నదే నాకూ ఉంది. ముప్పై తొమ్మిదేళ్ళు నాకు. ఆ వైద్యం నాకు అందకపోవచ్చు, నా కూతురు సరాయ్‌కి అందుతుందేమో.

అమ్మ పోయాక ఆమె మెదడు పరిశోధనకు ఇస్తారా అని ఈ డాక్టర్లు ముందుగా అడిగితే నువ్వు వాళ్ళ మొహాన తలుపు వేశావు. నేను అడగను. చూసింది చెప్పానంతే.

నీ ఎదీల్మా

యారుమాల్, శుక్రవారం

చిట్టి తల్లీ, ఎదీల్మా,

పోయిన వారం అమ్మను పూడ్చిన రోజు జనంలో ఇది నీకు చెప్పే వీలు కాలేదు. అమ్మ ఊపిరి ఆగగానే మెదడు తీసుకోమని డాక్టర్ అనీబల్‌కి ఫోన్ చేసింది నేనే. మామయ్య గుమ్మానికి అడ్డం నిలబడి, "పుర్రె ఖాళీ చేసి పంపుతావుటే స్వర్గానికి?" అని అరిచాడు. "ఖాళీ చేసింది జబ్బు మామయ్యా, వాళ్ళు కాదు. తప్పుకో" అన్నాను.

డాక్టర్ మనుషులు కొండదారిలో వానకు తడుస్తూ వచ్చారు. బండి ఎక్కించే ముందు అమ్మ జుట్టు దువ్వి జడ వేశాను. ఆ చిన్న తలలోనే కదా మన బాల్యమంతా ఉండేది! అది ఎలా చెరిగిపోయిందో వాళ్ళు కణం కణం వెతుకుతారంటే ఒళ్ళు జలదరించింది. చర్చిలో కూడా నాకు అలా ఎప్పుడూ కాలేదు. తిరిగి తెచ్చినప్పుడు జడ చెదరలేదు.

నీ పరీక్ష ఫలితం గురించి కాగితం మీద రాయను. వచ్చే వారం నేనే వస్తున్నాను, ఆ పళ్ళెం నాకూ చూపించు. సరాయ్‌కి మాత్రం చెప్పు, అమ్మమ్మ మెడెయీన్‌లో ఉద్యోగంలో చేరిందని.

నీ అక్క
యోలీమా