ఎనిమిదింబావుకి వెళ్ళిన బోటు

14 ఆగస్టు 1987

ఇవాళ హార్బరు కంట్రోల్ రూముకి సీతాలు అనే ఆవిడ వచ్చి మా కంప్యూటర్ని తిట్టిపోసింది. పోయినవారం ఆమె భర్త ఎల్లాజీ బోటు ఇంజను చెడి రాత్రంతా సముద్రంలో కొట్టుకుపోయింది. వెతకమని ఆమె వస్తే, బోటు హార్బరులోనే ఉందని స్క్రీను చూపించింది. ఇంటికి పొమ్మన్నారు. వేరే బోటువాళ్ళు తాడు కట్టి లాక్కొచ్చారు కాబట్టి బతికాడు. మీ టీవీకి కళ్ళు పోనాయేటి, నా మొగుడు రేవులోనే ఉంటే నానెందుకొత్తాను బాబూ అని నన్నే అడిగింది. ఆ ప్రోగ్రాం రాసింది నేనని ఆమెకి తెలీదు.

17 ఆగస్టు

ఏ బోటు వెళ్ళిందో, ఏది వచ్చిందో జెట్టీ షెడ్డులో క్లర్కు అప్పలసూరి టైపు చేస్తాడు. కంట్రోల్ రూము స్క్రీను మీద అది కనబడాలి. మధ్యలో లైను నత్తనడక. అందుకని కంట్రోల్ రూము మిషను ఒకసారి తెచ్చుకున్న రికార్డుని కాపీగా దాచుకుంటుంది. కొత్త ఎంట్రీ రాగానే ఆ పాత కాపీ పారెయ్యాలి. ఎక్కడో పారెయ్యడం లేదు.

బాస్ జ్ఞానదాసు గారు అది అప్పలసూరి టైపింగ్ తప్పే అంటున్నారు. నవంబరులో తుఫాన్లొస్తాయి, ఈలోగా సిస్టం అప్పజెప్పేసి చేతులు దులుపుకుందాం శుభాకర్ అన్నారు. రెండూ ఒకే గుక్కలో అన్నారు.

29 ఆగస్టు

టెస్ట్. నిమిషానికి వంద ఎంట్రీలు. ఒక్క తప్పూ లేదు.

30 ఆగస్టు, ఆదివారం

చర్చిలో కూడా అదే ఆలోచన. ప్రార్థనకి అందరూ లేచినా నేను కూర్చునే ఉన్నానట. జయమణి మోచేత్తో పొడిచింది. పెళ్ళాం గుర్తుందా, అదీ పాత కాపీయేనా అని దారంతా ఎత్తిపొడుపు.

11 సెప్టెంబరు

ఎందుకు దొరకడం లేదో తెలిసింది. వేగంగా తోస్తుంటే మెమొరీ నిండిపోయి పాత కాపీలు వాటంతటవే బయటపడుతున్నాయి. తప్పు కనబడాలంటే కాపీ లోపలే కూర్చోవాలి. అంటే మెల్లగా చెయ్యాలి. హార్బరు ఎంత మెల్లగా నడుస్తుందో అంత మెల్లగా. ఒక ఎంట్రీ వేసి, టీ తాగొచ్చి, ఇంకో ఎంట్రీ వెయ్యాలి.

జ్ఞానదాసు గారు తొంగిచూసి, ఇది టెస్టా కొంగ జపమా అన్నారు.

25 సెప్టెంబరు

తప్పు లేదు. నడుము నొప్పి. మధ్యాహ్నం కరెంటు కూడా పోయింది. గోరుచుట్టు మీద రోకటిపోటు. మళ్ళీ మొదటి నుంచి.

6 అక్టోబరు

తప్పు లేదు.

12 అక్టోబరు

తప్పు లేదు. అప్పలసూరిని అక్కణ్ణించి తీసేస్తారట. నిజంగా అతనిదే తప్పయితే బాగుండునని ఒక్క క్షణం అనిపించింది. సిగ్గేసింది.

19 అక్టోబరు

స్క్రీను చూసీ చూసీ విసుగొచ్చి పొద్దున్నే జెట్టీకి పోయాను. ఏడున్నరకి ఎల్లాజీ వచ్చాడు. తెడ్డొకటి బోటు పక్కన పెట్టి, దణ్ణం పెట్టుకుని, వచ్చిన దారినే వెళ్ళిపోతున్నాడు. ఏమిటిది అన్నాను. తొమ్మిదిన్నర నించి పదకొండు దాకా వర్జ్యం బాబూ, పెస్తానం ఎట్టీసినాను, అంబలి తాగొచ్చి ఎల్తాను అన్నాడు. మంచి గడియలో వస్తువొకటి ముందుగా బయట పెట్టేస్తే ప్రయాణం మొదలైనట్టేనట.

పదిన్నరకి బోటు కదిలింది. అప్పలసూరి అప్పుడు టైపు చేశాడు. బయలుదేరిన టైము: 7:30.

అదేమిటి, ఇప్పుడు కదా వెళ్ళింది అన్నాను. పెస్తానం ఎట్టినప్పుడే ఎల్లినట్టు లెక్క సార్, వర్జ్యంలో ఎల్లినాడని రాత్తే ఆడు ఊరుకుంతాడేటి అన్నాడు.

కంట్రోల్ రూముకి పరిగెత్తాను. స్క్రీను మీద ఎల్లాజీ బోటు హార్బరులోనే ఉంది. ఆనందంతో ఏడుపొచ్చింది.

కంట్రోల్ రూము ఆ రికార్డుని తొమ్మిదింటికి తెచ్చుకుంది. వచ్చిన ఎంట్రీ మీదేమో ఏడున్నర. పాత కబురు ఆలస్యంగా వచ్చిందనుకుని ప్రోగ్రాం ఎంట్రీని వదిలేసి కాపీని ఉంచుకుంది. అలా చెయ్యమని రాసింది నేనే. టెస్టుల్లో టైములన్నీ గడియారం నుంచి వేశాను. మా ఇంట్లో పంచాంగం లేదు, చర్చి క్యాలెండరే ఉంది.

22 అక్టోబరు

ఇకనుంచి రెండు టైములు. ఎంట్రీ కొట్టిన క్షణం మిషను తన గడియారం టైము వేసుకుంటుంది, దాన్నే పోల్చుకుంటుంది. మనుషులు చెప్పిన టైము పక్క గడిలో, వాళ్ళు చెప్పినట్టే ఉంటుంది.

జ్ఞానదాసు గారు పకపకా నవ్వి అప్పగింత కాగితం మీద సంతకం పెట్టమన్నారు. ఇంకో వారం మెల్లగా నడిపి పెడతానన్నాను. అప్పలసూరి సీటు అతనికే ఉంచారు. పొరపాటైందని మాత్రం ఎవరూ అనలేదు.

31 అక్టోబరు

సంతకం పెట్టాను. ఇంటికొచ్చి చొక్కా కూడా విప్పకుండా పడుకున్నాను.

2 నవంబరు, సాయంత్రం

వాయుగుండం. మూడో నెంబరు ప్రమాద సూచిక ఎగరేశారు. ఆరు బోట్లు సముద్రంలో ఉన్నాయని స్క్రీను చెప్పింది. జెట్టీ అంతా తిరిగి లెక్క చూశాం. ఆరే. ఆరోది ఎల్లాజీది. వెతికే లాంచీ ఆరింటి కోసమూ వెళ్ళింది. ఆగస్టులో అయితే ఐదింటి కోసమే వెళ్ళేది.

4 నవంబరు

ఐదు వచ్చాయి. లాంచీ కూడా వచ్చేసింది.

సీతాలు కంట్రోల్ రూము మెట్ల మీదే కూర్చుంది. ఈసారి ఎవర్నీ తిట్టలేదు. ఎల్లాజీ బయలుదేరిన రోజు తను తెల్లారకముందే చేపలమ్మడానికి పూర్ణా మార్కెట్టుకి పోయిందట, చూడలేదట. ఆ రోజు పది నించి వర్జ్యం బాబూ, పెస్తానాలు నేల మీదోళ్ళకి, గంగమ్మకి సెల్లవు, వర్జ్యం దాటేక ఎల్లమని ఎన్నిసార్లు సెప్పినా ఇనడు అంది. జయమణి ఫ్లాస్కులో పంపిన టీ ఇచ్చాను. గ్లాసు పట్టుకుంది కానీ తాగలేదు.

7 నవంబరు

సీతాలు లోపలికొచ్చింది. ఏ ఏళకి ఎల్లినాడో సూసి సెప్పు బాబూ అంది.

స్క్రీను మీద రెండు గడులూ ఉన్నాయి. ఒకదాంట్లో 8:15. ఒకదాంట్లో 11:05.

ఎనిమిదింబావు అన్నాను.